యార్డు కబుర్లు: షంటింగు ఇంజను

పోయిన నెల ఆవిరి ఇంజన్ల గురించి రాశాను కదా, "డీజిల్ షంటింగు బండి సంగతి కూడా చెప్పు బాబాయ్" అని మన లైను కుర్రాళ్ళు పట్టుకున్నారు. సరే, చెప్తా.

బండి మీద డబ్ల్యూ.డి.ఎస్. అని రాసుంటుంది చూడండి. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, డి అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగు. వీటిలో నాకు ఇష్టమైంది డబ్ల్యూ.డి.ఎస్.-4. ఆవిరి ఇంజన్లు చేసిన చిత్తరంజన్ కార్ఖానాలోనే 1968 నుంచి తయారైంది. మూడు జతల చక్రాలు, వాటిని కలుపుతూ పక్కన ఇనప రాడ్లు. డీజిల్ బండే అయినా నడకలో ఆవిరి ఇంజను పోలిక పోలేదు.

దాని గొప్పంతా లోపలుంది. షంటింగు అంటే నిలబడ్డ బరువుని కదిలించాలి, నాలుగడుగులు పోయి ఆపాలి, మళ్ళీ లాగాలి. డీజిల్ ఇంజనుని నేరుగా చక్రాలకి బిగిస్తే ఆ బరువుకి ఆగిపోతుంది. అందుకని మధ్యలో నూనె పెట్టారు. ఇంజను నూనెని తిప్పుతుంది, నూనె చక్రాల్ని తిప్పుతుంది. ఐతే వేగం అందుకున్నాక కూడా నూనెతోనే నడిపితే కొంత బలం వేడిగా పోతుంది. వేగం వచ్చాక నేరుగా పట్టు దొరికేలా కుదిర్చింది మన్‌మోహన్ సూరి అనే మన దేశపు ఇంజనీరు. అందుకే దాన్ని సూరి ట్రాన్స్‌మిషన్ అన్నారు. (పేరు చూసి మన సూరిబాబుల్లో ఒకడనుకునేరు, కాదు.) స్వరాజ్ ట్రాక్టరు పుట్టింది కూడా దుర్గాపూర్‌లో ఆయన నడిపిన పరిశోధన సంస్థలోనే.

తర్వాత కాశీ డీజిల్ కార్ఖానా నుంచి డబ్ల్యూ.డి.ఎస్.-6 వచ్చింది. ఆరు సిలిండర్లు, ఇంచుమించు 1400 గుర్రాల బలం. ఆరు ఇరుసులకీ కరెంటు మోటార్లే, రాడ్లు లేవు. రైల్వేలే కాదు, ఫ్యాక్టరీలు కూడా కొనుక్కున్నాయి.

రెంటికీ ఒకటే తంటా: ముక్కు పొడుగు. ఆ ముక్కు ముందుంటే అవతలి పక్క పట్టా దగ్గరున్న మనిషి డ్రైవరుకి కనపడడు. కిందున్నవాడి చెయ్యి, జెండా, రాత్రయితే దీపం, అవే డ్రైవరు కళ్ళు. నేను ఇరవై రెండేళ్ళు ఆ కింద మనిషిని.

మొన్న మూడో లైను అక్క అడిగింది. కొడుకుని కాంట్రాక్టు మీద షంటింగు పనికి రమ్మన్నారట, పంపమంటావా తమ్ముడూ అని. అక్కా, ముందు ఒక్క మాట అడగమను: సిగ్నలు చెయ్యడం ఎవరు నేర్పుతారు, ఎన్ని రోజులు? జవాబు లేకపోతే ఆ పని ఒద్దు. ఉంటే పంపు. బండి పూర్తిగా ఆగి, డ్రైవరు సరేనన్నాకే వ్యాగన్ల మధ్యకి దూరి పైపు తగిలించాలి, మేస్త్రీ ఎంత కేకలేసినా సరే. ఆదివారం పిల్లాణ్ణి మా ఇంటికి పంపు. నా జెండాలు రెండూ ఇంకా దూలానికే ఉన్నాయి.