మాత్ర మింగితే ఒళ్ళు తగ్గుతుందా?

యాభై దాటిన నలుగురు ఆడవాళ్ళు కలిస్తే మోకాళ్ళ నొప్పుల తర్వాత వచ్చే మాట విటమిన్‌-డి. "నాకు పద్నాలుగే వచ్చిందండీ!" "అందుకే లావెక్కుతున్నారు. మాత్రలు వాడండి, తగ్గుతారట!"

ఈ 'అట' గాలిలోంచి పుట్టలేదు. అమెరికాలో 65 దాటిన 4,600 మందికి పైగా స్త్రీలను నాలుగున్నరేళ్ళు గమనించి 2012లో ఓ అధ్యయనం ప్రచురించారు. బాగా బరువు పెరిగినవారిలో డి తక్కువున్నవాళ్ళు మిగతావారికంటే దాదాపు కిలో ఎక్కువ పెరిగారని తేలింది. అలా పెరిగింది వందకి పన్నెండుమందే. మొత్తమ్మీద చూస్తే తేడా లేదు. ఈ రెండోమాట ఎవరికీ గుర్తులేదు!

అసలు ఏది ముందు? డి కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లో కొవ్వెక్కువైతే అందులోకి చేరి, రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. 42 వేలమంది జన్యువులను పరిశీలించి 2013లో చెప్పిందీ ఇదే: బరువు పెరిగితే డి తగ్గుతుంది, డి తగ్గినందువల్ల బరువు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. మరి మాత్రలు? అక్కడే 36 వేలమంది నడివయసు, పెద్దవయసు స్త్రీలలో సగంమందికి ఏడేళ్ళు కాల్షియంతోపాటు రోజూ 400 యూనిట్ల డి ఇచ్చారు. మిగతా సగంతో పోలిస్తే బరువులో తేడా 130 గ్రాములు. రెండు వంకాయల ఎత్తు!

అలాగని మనకు డి అక్కర్లేదని కాదు. ఎముకలకు అది కావాల్సిందే. ఎండకు కొదవలేని తిరుపతిలో స్విమ్స్ వైద్యులు పరీక్షిస్తే ముట్లుడిగిన స్త్రీలలో ఎక్కువమందికి డి చాలినంత లేదు. మనం బయటికి వెళ్ళేది పొద్దున్నే, లేదా సాయంత్రం. చర్మంలో డి బాగా తయారయ్యేది పదకొండు, రెండు గంటల మధ్య ఎండకి. ఆ వేళకి వంటింట్లోనో ఆఫీసులోనో ఉంటాం. పైగా వయసు మీరేకొద్దీ చర్మానికి ఆ శక్తీ తగ్గుతుంది.

హార్మోన్ల వైద్యుల సంస్థ ఎండోక్రైన్ సొసైటీ 2024లో, ఇతర జబ్బులేవీ లేనివారికి లావున్నారన్న కారణంతో డి పరీక్ష అక్కర్లేదంది. 75 దాటినవారికి మాత్రం పరీక్ష లేకుండానే రోజూ కొద్ది మోతాదులో ఇవ్వవచ్చని చెప్పింది.

భయమల్లా 60 వేల యూనిట్ల మాత్రతోనే. డాక్టరు వారానికొకటి రాస్తే, త్వరగా తగ్గుతామని రోజూ వేసుకునేవాళ్ళున్నారు. అలా వాడితే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, వాంతులు, మలబద్ధకం వస్తాయి. కిడ్నీలూ దెబ్బతింటాయి. మీ ఇంట్లో అత్తగారో అమ్మో ఈ మాత్ర వాడుతుంటే, ఏ రోజు వేసుకుంటున్నారో ఒకసారి అడగండి.