కనబడని కార్డు

నిన్నటిదాకా ఇంట్లో తిరిగిన మనిషిని పట్టుకుని "ఎవరు నువ్వు?" అంటే ఎలా ఉంటుంది, చెప్పండి! మా కంప్యూటరు వరస అలాగే ఉంది. డివైస్ మేనేజరు జాబితాలో గ్రాఫిక్స్ కార్డు పేరే లేదు. ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం చదివే మా అబ్బాయి ఆ కార్డు సాయంతోనే కంప్యూటరుకి తెలుగు చేతివ్రాత చదవడం నేర్పుతున్నాడు. సోమవారం కాలేజీలో చూపించి తీరాలి. విజయనగరంలో ఒక దుకాణదారు "కార్డు పోయిందండీ, కొత్తది కొనాల్సిందే" అని తేల్చేశాడు.

"నాన్నగారూ, ఓసారి విప్పి చూద్దామండీ" అన్నాడు వాడు. సంధులు తప్ప మరేవీ విప్పి ఎరగను, అయినా సరేనన్నాను.

ప్లగ్గు పీకాం. ముందుగా ఇనప పెట్టెను ముట్టుకోవాలట, మన ఒంటి విద్యుత్తు కార్డుకి తగలకుండా. స్లాటు చివరి గొళ్లెం నొక్కి కార్డు లాగితే, బంగారు పూత పళ్లు మసకబారి ఉన్నాయి. సముద్రపు తేమ, వీధి దుమ్మూను! నా పెన్సిలు రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొడి దులిపి, టిక్కుమనేదాకా నొక్కాం. ఊహూఁ, కనబడలేదు.

"ఈ తీగ ఊరికే వేలాడుతోందేమండీ?" అంది మా ఆవిడ.

స్లాటు పెట్టే తిండి 75 వాట్లే. మిగతాది ఆ ఆరు పిన్నుల తీగ పెట్టాలి. మళ్లీ అంతా ఆపి, తగిలించాం. పేరు వచ్చింది!

ఆ రాత్రి అది నా చేతివ్రాత చదివింది. 'వ'లన్నీ 'ప'లే అంది. నా శిష్యులదీ అదే ఫిర్యాదు.