తోటలో రాత్రి దీపములు: ఎంత వెలుగు, ఏ వేళ?

చీకటి పడిన పిదప చేమంతి తోటలలోను, డ్రాగన్ ఫ్రూట్ తోటలలోను విద్యుద్దీపములు వెలుగుట మన రైతులకిప్పుడు వింత కాదు. అకాలమున పూవును, కాయను తెచ్చి మంచి ధర పొందవలెనను కోరిక న్యాయమైనదే. కాని, ఎక్కువ దీపములు ఎక్కువసేపు వెలిగించినచో ఎక్కువ ఫలము వచ్చునను నమ్మకము పలువురిలో నాటుకొన్నది. ఈ నమ్మకము సరికాదనియు, దీనివలన రైతు సొమ్ము వృథాయగుచున్నదనియు మా అభిప్రాయము. కారణములను సంఘ సభ్యులకు విన్నవించుచున్నాము.

వెలుతురు మొక్కకు రెండు విధముల ఉపయోగించును. ఒకటి ఆహారము, రెండవది సంకేతము. ఆకు ఎండను గ్రహించి పిండిపదార్థమును చేసికొనుట మొదటిది. దీనికి వెలుతురు విస్తారముగా కావలెను. నాలుగు గోడల మధ్య, సూర్యుడు చొరని గదులలో పంట పెంచువారు ఈ ఆహారమునంతయు దీపములతోనే పెట్టవలసియుండుటచే విద్యుత్తు ఖర్చు వారికి పెనుభారము. మనకు ఎండ ఉచితముగా లభించుచున్నది. మనము రాత్రివేళ పెట్టు దీపము ఆహారము కాదు. రాత్రి పొడవుగా లేదని మొక్కకు పంపు కబురు మాత్రమే. కబురు చెప్పుటకు కేకలు వేయనక్కరలేదు.

ఈ సంగతి 1920లో వెల్లడియైనది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నరు, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు, వేసవిలో పూయక ఏపుగా పెరిగెడి ఒక పొగాకు రకమును పరీక్షించి, పగటి వెలుతురు గంటలను తగ్గించినంతనే అది పూచుట చూచిరి. మొక్క నిజముగా కొలుచునది పగటిని కాదనియు, ఎడతెగని చీకటిని అనియు తరువాతి పరిశోధనల వలన తేలినది. చేమంతి పొడవైన రాత్రులలో మొగ్గ తొడుగు జాతి. మన తెలుగు నేలపై ఏడాదిలో మిక్కిలి పొట్టి రాత్రి సైతము ఇంచుమించు 11 గంటలుండును. అందుచేత కాడతో కోయు చేమంతి రకములు, నాటిన పిదప కాడ సాగకమునుపే మొగ్గకు తిరుగును. దీనిని ఆపుటకే దీపము. సుమారు 4 వారములు దీపము పెట్టి కాడను సాగనిచ్చి, పిదప ఆర్పివేసినచో, పెక్కు రకములు 8 మొదలు 10 వారములలో పూచును. కనుక పూలు కోయు తేదీని నిర్ణయించునది దీపము వెలిగించిన దినము కాదు, ఆర్పిన దినము.

ఇక వేళ. రాత్రి 10 గంటల నుండి 2 గంటల వరకు వెలిగించినచో చీకటి రెండు ముక్కలగును. ఏ ముక్కయు మొగ్గ తొడుగుటకు చాలదు. సందెవేళ మొదలు తెల్లవారువరకు వెలిగించుట అనవసరము. వెలుగు మొక్కల తలపై 100 లక్సులున్న చాలును. నడిమధ్యాహ్నపు ఎండలో ఇది వెయ్యవ వంతు. ఈ పనికి ఎరుపు కిరణములు ముఖ్యములగుటచే, నీలిఛాయ గల తెల్లని బల్బుకంటె పసుపుఛాయ గలది మేలు. దీపమునకు దీపమునకు నడుమ చీకటి మూలలు మిగులరాదు. అచటి మొక్కలు ముందుగా మొగ్గ తొడిగి మడి అంతయు ఎగుడుదిగుడగును.

లెక్క చూతము. 60 వాట్ల పాతరకపు బల్బులు 100, రాత్రి 12 గంటలు వెలిగినచో 72 యూనిట్లగును. అవియే 4 గంటలు వెలిగిన 24 యూనిట్లు. ఇంచుమించు అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు 100, 4 గంటలకు 3.6 యూనిట్లు మాత్రమే. 30 రాత్రులకు మొదటిది 2,160 యూనిట్లు. చివరిది 108 యూనిట్లు. మొక్కకు చేరు కబురు ఒక్కటియే.

పొరుగువాడు రాత్రియంతయు వెలిగించి లాభము పొందెను గదా యని కొందరందురు. నిజమే కావచ్చును. ఆ లాభము అకాలపు ధరవలన వచ్చినది గాని అధికమైన వెలుగువలన కాదు. ధర పడిపోయిన సంవత్సరమున ఆ విద్యుత్తు బిల్లే అతనిని అప్పులోనికి దించును.

డ్రాగన్ ఫ్రూట్ రీతి దీనికి విరుద్ధము. అది పొడవైన పగటివేళల కాలమున పూచును. చలికాలమున పూత ఆగును. ఇచ్చట దీపము మొగ్గను ఆపదు, రప్పించును. వియత్నాం దేశపు దక్షిణ తీరమున రైతులు ఈ పద్ధతిని చిరకాలముగా అవలంబించుచున్నారు. కాని బలము లేని కొమ్మకు దీపము పెట్టుట అలసిన ఎద్దును మరల కాడికి కట్టుట వంటిది. చలి మిక్కుటమైన చోట్ల దీపమున్నను పూత మందగించును. మొదట రెండు సాళ్లకు మాత్రమే పెట్టి, ఫలము చూచి పిదప విస్తరింపవలెను.

సంఘము చేయదగిన పనులు మూడు కలవు. వెలుగును కొలుచు లక్సు మీటరు నొకదానిని, దీపములను వేళకు వెలిగించి ఆర్పు టైమరులను ఉమ్మడిగా కొని సభ్యులకు అందించుట మొదటిది. సభ్యులు ఏ వారమున దీపము లార్పవలెనో ముందే కూడి నిర్ణయించుకొనుట రెండవది. అందరును ఒక్కదినమే ఆర్పినచో పూలన్నియు ఒక్కసారే బజారున పడి ధర దిగిపోవును, దీపపు ఫలము దళారికే దక్కును. మూడవది అన్నిటికంటె ముఖ్యము. తడినేలపై అతుకుల తీగలు లాగరాదు. తెలిసిన వైర్‌మాన్‌చేత తీగలు వేయించి, విద్యుత్తు కారినంతనే దానిని నిలుపు బ్రేకరును పెట్టింపవలెను. బోరు మోటారుకిచ్చిన కనెక్షను నుండి దీపములు వెలిగింపవచ్చునో లేదో విద్యుత్ శాఖవారిని ముందే వ్రాతమూలముగా అడుగవలెను. పూవు ధర ఎంత హెచ్చినను మనిషి ప్రాణమునకు సరికాదు.

క్రొత్త బల్బులు కొనుటకు ముందు, ఉన్న బల్బులను ఏ వేళ ఎంతసేపు వెలిగించుచున్నామో ప్రతి సభ్యుడును ఒక కాగితముపై వ్రాసి రాబోవు సమావేశమునకు తేవలెనని కోరుచున్నాము. ఆ కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిననే, ఎవరి తోటలో ఎంత సొమ్ము చీకటిపాలగుచున్నదో అందరికిని తెలియగలదు.