షేరు పెరుగుద్ది సరే, బస్తా ఏదీ?



బొగ్గు నుంచి యూరియా తీసే టెక్నాలజీని విదేశాలకు అమ్మితే షేర్లు ఎగబాకుతాయని పెట్టుబడిదారులు లెక్కలు కడుతున్నారు. ఆ లెక్కలో మన దేశమూ ఒక మార్కెట్టే.

ఈ ఆట మనం రామగుండంలో చూసినం. జర్మనీ పద్ధతిలో బొగ్గును గ్యాసు చేసే ఫ్యాక్టరీ 1980లో మొదలైంది. మన బొగ్గులో మూడో వంతుకు పైనే బూడిద. దానికి కరెంటు కోతలు తోడు. పూర్తి సామర్థ్యం ఏనాడూ అందుకోలేదు, 1999లో మూతపడ్డది. కార్మికులు రోడ్డున పడ్డారు. 2021లో మళ్లీ తెరిచినప్పుడు బొగ్గు జోలికే పోలేదు, సహజవాయువు పెట్టుకున్నరు.

ఒడిశా తాల్చేరులో మాత్రం 2018లో మళ్లీ బొగ్గుకే శంకుస్థాపన. కాంట్రాక్టు చైనా కంపెనీకి. చైనాలో బొగ్గు యూరియా నడుస్తది, కాదనను. ఇక్కడ మన బొగ్గులో పెట్‌కోక్ కలపాల్సి వస్తున్నది! 2025 వానాకాలానికీ అక్కడి నుంచి ఒక్క బస్తా రాలే. అదే వానాకాలం మనం 266 రూపాయల బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టినం.

టెక్నాలజీ అమ్మేటోళ్లు మన బొగ్గుతోనే ఏడాది పాటు పూర్తి సామర్థ్యంతో నడిపి చూపాలి. ఆగితే నష్టం వాళ్లే కట్టాలని ఒప్పందంలో రాయాలి. అప్పటిదాకా ప్రజల సొమ్ము ఇయ్యొద్దు.