పుట్టుమచ్చ నాడిలా కొట్టుకుంటోందా?

పాప చెంప మీద మచ్చ కనిపిస్తే 'పెద్దయితే అదే పోతుందిలే' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. సగం నిజమే. పుట్టిన కొన్ని వారాలకు మొదలై గబగబా పెరిగే హిమాంజియోమా చాలావరకు తర్వాత తగ్గిపోతుంది. రక్తనాళాల అల్లికలోనే లోపంతో వచ్చింది మాత్రం పోదు, పిల్లతోపాటే పెరుగుతుంది. ముల్లికెన్, గ్లోవాకీ అనే పరిశోధకులు ఈ తేడాను 1982లో తేల్చారు.

నీలంగా ఉండి, తల వంచితే ఉబ్బేది సిరల గడ్డ. సూదితో నేరుగా మందు ఎక్కిస్తారు. వెచ్చగా, నాడిలా కొట్టుకుంటుంటే మాత్రం ధమని సూటిగా సిరలో కలిసిందేమోనని అనుమానించాలి. దవడలో అలాంటిది ఉండగా పన్ను పీకిస్తే ప్రాణం మీదికి రావచ్చు! మెడలో ధమనిని కట్టేయడమూ పొరపాటే. పక్క నాళాలు పుట్టుకొస్తాయి, క్యాథెటర్ వెళ్లాల్సిన దారి మూసుకుపోతుంది.

ఎంబొలైజేషన్‌లో గజ్జల దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని ముఖం దాకా పంపి, ఆ చిక్కుముడిలోనే జిగురులాంటి పదార్థం నింపుతారు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేస్తే రక్తం తక్కువగా పోతుంది. చూపు పోవడం, పక్షవాతం లాంటి ముప్పు కొద్దిగా ఉంది కాబట్టి చెయ్యి తిరిగినవారే చేయాలి.

సిద్దిపేటవాసులు డాప్లర్ స్కాన్‌తో మొదలుపెట్టి, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, ప్లాస్టిక్ సర్జన్ ఒకేచోట ఉండే హైదరాబాద్ నిమ్స్‌లాంటి పెద్దాసుపత్రికి వెళ్లడం మేలు. పాత ఫిల్ములు, చీటీలు వెంట తీసుకెళ్లండి.