ఇంజినీర్‌వి, నీకెందుకురా ఈ మసి?

మొన్న సెలవుకి కట్టంగూర్ వెళ్లినప్పుడు బైక్ చైన్ నేనే బిగించాను. "ఇంజినీర్‌వి, నీకెందుకురా ఈ మసి?" అన్నడు మా నాయిన.

ఆ మాటే మన రోగమండీ. బగ్ వస్తే రాత్రంతా కూర్చునే మనం, చైన్ వదులైతే మెకానిక్ దగ్గరికి పరిగెడతాం.

ఒకప్పటి మన నల్గొండ జిల్లాలోనే, ఆలేరు దగ్గర శారాజీపేటలో, చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో బడి మానేశారు. ఆసు పోసి పోసి అమ్మ భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

2020లో బీఎస్-6 వచ్చాక చాలా బండ్లలో కార్బురేటర్ పోయి సెన్సర్లు వచ్చాయి, నిజమే. వాటిని మెకానిక్‌కే వదిలేయండి. చైన్, ఎయిర్ ఫిల్టర్ మాత్రం మన పనే.

నేనూ మొదట రెండు వైపులా గుర్తులు సమానంగా పెట్టలేదు, చక్రం వంకరపోయింది. విప్పి మళ్లీ బిగించాను. ఈసారి స్పానర్ అందించింది నాయినే!