పులి కావాలా... ఎలుగుబంటి కావాలా?

పులిని మచ్చిక చేసుకోవడం ఒక ఎత్తు. దానికి ఏ విద్య నేర్పాలో తేల్చుకోవడం మరో ఎత్తు! 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ గేములో హంటర్ పాత్ర ఎంచుకున్నవాళ్లు తలలు పట్టుకున్నది ఈ రెండో దగ్గరే.

బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన ఆట ఇది. వేర్వేరు దేశాల వాళ్లు ఇంటర్నెట్‌లో కలిసి ఆడతారు. అప్పట్లో హంటర్ అంటే విల్లో తుపాకో పట్టుకుని దూరం నుంచి కొట్టే వేటగాడు. శత్రువు మీదికొస్తే అతడి పని కష్టమే. అందుకే మధ్యలో నిలబడి దెబ్బలు కాచుకునేందుకు ఓ జంతువును వెంటబెట్టుకునేవాడు. తొలిరోజుల్లో దాన్ని సరిగా మేపకపోతే వదిలేసి వెళ్లిపోయేది కూడా!

మూడు దారులు

2008లో 'రాథ్ ఆఫ్ ద లిచ్ కింగ్' వచ్చినప్పుడు ఈ జంతువులకు టాలెంట్లు వచ్చాయి. వాటిలో మూడు రకాలు. పులులు, సింహాలు, తోడేళ్లది 'ఫెరాసిటీ'... అంటే దూకుడు. ఎలుగుబంట్లు, గొరిల్లాలు, తాబేళ్లది 'టెనాసిటీ'... ఎన్ని దెబ్బలైనా ఓర్చుకుంటాయి. గబ్బిలాలు, సాలీళ్లు, పాములది 'కన్నింగ్'... యుక్తితో నెట్టుకొస్తాయి. ఏ జంతువుది ఏ దారో ముందే ఖాయం. పులికి ఎలుగుబంటి విద్య అబ్బదు. కాబట్టి అడవిలో జంతువును పట్టుకున్నప్పుడే సగం నిర్ణయం అయిపోయినట్టు.

మిగతా సగం పాయింట్ల లెక్క. 20వ లెవెల్లో ఒకటి, ఆ తర్వాత ప్రతి నాలుగు లెవెళ్లకూ ఒకటి చొప్పున 80వ లెవెల్ నాటికి వచ్చేవి 16 పాయింట్లే. బీస్ట్ మాస్టరీలో చివరి మెట్టు ఎక్కిన హంటర్లకు మరో నాలుగు అదనం. ఒక వరుసలో మూడు పాయింట్లు పెడితేగానీ కింది వరుస తెరుచుకోదు. చూసిందల్లా కొనేద్దామంటే కుదరదన్నమాట. నెలాఖరు సంతలా, ఏది అవసరమో ఏది సరదానో తేల్చుకోవాల్సిందే.

పనిని బట్టే చదువు

ఒంటరిగా తిరిగే హంటర్‌కు ఎలుగుబంటి లాంటిది నయం. ప్రాణశక్తిని పెంచే 'గ్రేట్ స్టామినా', శత్రువుల దృష్టిని తనవైపే కట్టిపడేసే 'గార్డ్ డాగ్', చుట్టూ చేరిన వాళ్లందరినీ ఒకేసారి దెబ్బతీసే 'థండర్‌స్టాంప్' దానికి పనికొస్తాయి. జంతువు నిలబడితేనే వేటగాడు నిలబడేది!

పాతిక మంది కలిసి పెద్ద రాక్షసుడి మీదికి వెళ్లేటప్పుడు కథ మారుతుంది. దెబ్బలు కాచుకోవడానికి అక్కడ వేరే యోధులుంటారు. జంతువు పని కొట్టడమే. అందుకే దెబ్బకు పదును పెట్టే 'స్పైక్డ్ కాలర్', 'స్పైడర్స్ బైట్', కాసేపు యజమాని బలాన్నీ పెంచే 'కాల్ ఆఫ్ ద వైల్డ్' తీసుకునేవారు. తోడేలు ఊళతో వేటగాడికి ఊపు వచ్చేది కాబట్టి బృందాల్లో దానికి గిరాకీ ఎక్కువ. అయితే ఒక్క జాగ్రత్త... జంతువు గుర్రుమని శత్రువును తనవైపు లాక్కునే 'గ్రౌల్'ను అక్కడ ఆపేయాలి. మరిచిపోతే రాక్షసుడు కాచుకునే యోధుణ్ని వదిలేసి ఇటు తిరుగుతాడు. ఒకరి మతిమరుపుకి పాతికమంది శ్రమా గంగపాలు!

ఎదుటివాడూ మనిషే అయితే కన్నింగ్ జంతువులు అక్కరకొచ్చేవి. 'రోర్ ఆఫ్ శాక్రిఫైస్' నేర్చిన సాలీడు మిత్రుడికి తగిలే దెబ్బల్లో కొంత భాగాన్ని తన ఒంటిమీద వేసుకునేది.

ఇంత తెలిసినా చాలామంది చేసిన పొరపాటు ఒకటే. పెద్ద బృందాల్లో పేరు తెచ్చుకున్న హంటర్ ఏం పెట్టుకున్నాడో చూసి, ఒంటరిగా తిరిగేవాళ్లూ అదే పెట్టుకోవడం. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే! అతడి వెనుక పాతిక మంది ఉన్నారు, ఇతడి వెనుక ఎవరూ లేరు. అదృష్టం ఏంటంటే, పెట్ ట్రైనర్ దగ్గరికి వెళ్లి పాయింట్లు వెనక్కి తీసుకునే వీలుండేది.

ఈ లెక్కలన్నీ 2012తో సరి. 'మిస్ట్స్ ఆఫ్ పండేరియా' వచ్చేముందు జంతువుల టాలెంట్లు తీసేశారు. ఏ జంతువునైనా మూడు దారుల్లో ఏ దారిలోనైనా నడిపించే వీలిచ్చారు. పాయింట్లు దాచుకుని, లెక్కేసుకుని ఖర్చుపెట్టే ముచ్చట మాత్రం పోయింది. ఆ లోటు తెలిసిన పాత ఆటగాళ్లు, 2022లో రాథ్ ఆటను క్లాసిక్ రూపంలో మళ్లీ తెచ్చినప్పుడు, మళ్లీ 16 పాయింట్ల దగ్గర కూర్చుని లెక్కలేసుకున్నారు!